రహీం సార్: హైదరాబాద్ బడి నుంచి జకార్తా బంగారు పతకం దాకా



ప్రతి నెలా ఈ పేజీలో ఒక గొప్ప వ్యక్తి జీవితం గురించి చదువుతున్నారు. శాస్త్రవేత్తలు, స్వాతంత్ర్య సమరయోధులు, రచయితలు వచ్చారు. ఈ నెల ఒక బడి పంతులు గురించి చెప్తాను. మన హైదరాబాద్‌లోనే పుట్టి, ఇక్కడి బడుల్లోనే పాఠాలు చెప్పి, ఇక్కడి పోలీసు జట్టును దేశంలోకెల్లా గట్టి ఫుట్‌బాల్ జట్టుగా తీర్చిదిద్దిన మనిషి. భారతదేశానికి రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన మనిషి. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లంతా రహీం సాబ్ అని పిలిచేవాళ్లు. 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమా ఆయన కథే. మీలో కొందరు చూసే ఉంటారు. సినిమా కన్నా ముందు తెలుసుకోవాల్సింది ఆయన బడి జీవితం.

ఈ పేరు ఎంచుకోవడానికి కారణం ఉంది. ప్రతి పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఒక మాట తప్పకుండా వింటాం. ఎనిమిదో తరగతి వచ్చింది కదా మేడమ్, ఇంక గేమ్స్ పీరియడ్ ఎందుకు, ఆ టైమ్‌లో మ్యాథ్స్ చెప్పించండి అని అడుగుతారు. మీ ఆందోళన నాకు అర్థమవుతుంది. ఫీజు కట్టడానికి మీరు పడే కష్టం కూడా తెలుసు. చేవెళ్ల నుంచి టమాటా, క్యారెట్ లోడు మార్కెట్‌కు పంపించి, వచ్చిన డబ్బులో మొదట స్కూల్ ఫీజు పక్కన పెట్టే ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. ఆ డబ్బుకు మార్కులు రావాలని కోరుకోవడంలో తప్పేం లేదు. రహీం సార్ జీవితం చదివాక, ఆ ప్రశ్నను ఇంకోసారి ఆలోచించండి.

మొదట మాస్టారు, తర్వాతే కోచ్

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి ఇది నిజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ పూర్తయ్యాక ఆయన ఎంచుకున్నది టీచర్ ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్. ఈ నాలుగు బడుల్లో ఆయన పనిచేశారు. మధ్యలో ఒక సంవత్సరం వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆ తర్వాత చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత ఆయన చూసుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. డిగ్రీ ఉన్న మనిషి, క్లాసులో పాఠం చెప్పగలిగిన మనిషి, ఆటలు నేర్పడానికి విడిగా ఒక ఏడాది చదివారు. ఆ కాలంలో ఆటలు నేర్పే మాస్టారంటే విజిల్ ఊదేవాడని, డ్రిల్ చేయించేవాడని అనుకునేవాళ్లు. ఇప్పటికీ చాలామందిలో ఆ ఆలోచన పోలేదు. రహీం మాత్రం ఆటను కూడా సబ్జెక్టుగానే చూశారు. దానికి సిలబస్ ఉంటుందని, ఒక పద్ధతి ప్రకారం నేర్పితే మామూలు పిల్లవాడికి కూడా వస్తుందని నమ్మారు. తర్వాత ఆయన సాధించినవన్నీ ఆ నమ్మకం మీద నిలబడినవే.

1940ల మొదట్లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయే వరకు ఆ బాధ్యతలో ఉన్నారు. నగరంలో పిల్లల కోసం ఆయన పెట్టించిన పోటీలు చాలా విచిత్రంగా ఉండేవి. వాటి గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఎడమ కాలితోనే ఆడాలి

ఒక పోటీలో నియమం ఏమిటంటే, బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. కుడికాలి వాటం ఉన్న పిల్లవాడు ఎడమకాలితో ఆడాలి. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. అంటే బంతిని కాలి దగ్గర ఉంచుకుని ఒక్కడే నలుగురిని తప్పించుకుంటూ పరుగెత్తకూడదు. బంతి రాగానే పక్కవాడికి ఇచ్చేయాలి. మరికొన్ని పోటీలు వయసును బట్టి, ఎత్తును బట్టి పెట్టేవాళ్లు. పెద్ద పిల్లల మధ్య చిన్నపిల్లలు నలిగిపోకుండా వాళ్లకు వాళ్ల స్థాయిలో ఆడే అవకాశం దొరికేది.

వీటి వెనుక లెక్క చూడండి. రెండు కాళ్లతో ఆడగలిగినవాడిని ఎదుటి జట్టు ఏ వైపూ మూయలేదు. బంతి ఒక్కడి దగ్గరే ఉండిపోతే మిగతా పదిమంది చూస్తూ నిలబడతారు. వెంటనే పాస్ ఇచ్చేస్తే పదకొండు మందీ కదులుతారు. మనవాళ్లు ఒంటికి బక్కపలచగా ఉండేవాళ్లు. ఢీకొడితే గెలవలేరు. బంతిని వేగంగా నడిపిస్తే ఢీకొనే అవసరమే రాదు. ఉన్న లోపాన్ని ఒప్పుకుని, దానికి సరిపడే పద్ధతి కనిపెట్టడం మంచి టీచర్ చేసే పని.

నేను ఇంగ్లీష్ చెప్తాను కాబట్టి ఈ రెండు పోటీలూ నాకు బాగా పట్టుకున్నాయి. మన క్లాసుల్లో చక్కగా రాసే పిల్లలుంటారు, లేచి నిలబడి మాట్లాడమంటే గొంతు పెగలదు. అది వాళ్ల ఎడమకాలు. ఇంట్లో కూడా మనం కుడికాలికే ఇంకా ట్యూషన్ పెట్టిస్తున్నాం. మ్యాథ్స్‌లో 95 వచ్చిన పిల్లకు మ్యాథ్స్ కోచింగ్, మాట్లాడటానికి భయపడే పిల్లకు కూడా మ్యాథ్స్ కోచింగే. అలాగే ప్రతి క్లాసులో ఏ ప్రశ్న అడిగినా చెయ్యెత్తే ముగ్గురు నలుగురు ఉంటారు. బంతి వాళ్ల దగ్గరే తిరుగుతుంది. ఈ ఏడాది మా క్లాసులో ఒక చిన్న నియమం పెట్టాను. జవాబు తెలిసినవాళ్లు మొదట పక్కనున్న ఫ్రెండ్‌కు చెప్పాలి, లేచి క్లాసుకు చెప్పేది ఆ ఫ్రెండ్. అంతకుముందు వారాల తరబడి నోరు విప్పని పిల్లలు ఇప్పుడు లేచి నిలబడుతున్నారు.

ఒక పోలీసు జట్టు కథ

ఇప్పుడు జట్టు సంగతికి వద్దాం. హైదరాబాద్‌లో సిటీ ఆఫ్ఘాన్స్ అనే జట్టు ఉండేది. 1930ల చివర్లో అది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుగా మారింది. 1943లో బెంగళూరులో జరిగిన యాష్ గోల్డ్ కప్‌లో బ్రిటిష్ వైమానిక దళం జట్టును ఓడించి పేరు తెచ్చుకుంది. 1950లో రహీం ఈ జట్టుకు కోచ్ అయ్యారు.

ఆ కాలాన్ని గుర్తు చేసుకోండి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. నగరం పెద్ద మార్పు చూసి రెండేళ్లే అయింది. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్ల పేర్లే అందరి నోట్లో ఉండేవి. ఆ సమయంలో ఇక్కడి నుంచి బయలుదేరిన పోలీసు కుర్రాళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచారు. 1950, 1951, 1952, 1953, 1954, వరుసగా ఐదేళ్లు. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్ గెలిచారు. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఇంకోసారి గెలిచారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ 1956-57, 1957-58 సీజన్లలో వరుసగా రెండుసార్లు తెచ్చుకుంది.

ఇప్పటి ఐపీఎల్ జట్లలాగా వాళ్లకు వేలంలో కోట్లు రాలేదు. పోలీసు శాఖలో ఉద్యోగం, ఆ జీతం, ఆడటానికి వీలు. అంతే. మామూలు ఇళ్ల పిల్లలకు అది పెద్ద ఆధారం. ఆట ద్వారా ప్రభుత్వ ఉద్యోగం దొరికే దారి ఆ రోజుల్లో అలా ఏర్పడింది. ఇప్పటికీ పోలీసు, రైల్వే, సైన్యం ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా ఉంది.

రహీం సార్ దగ్గరికి వచ్చినవాళ్లలో తులసీదాస్ బలరాం ఒకరు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టిన తమిళ కుటుంబం పిల్లవాడు. ఇంట్లో డబ్బు లేదు. ప్రాక్టీసుకు రోజూ హైదరాబాద్ దాకా రావడం కుదరదని చెప్పాడట. సైకిల్ అద్దెకు డబ్బు రహీం సారే ఇచ్చారు. ఆ కుర్రవాడు 20 ఏళ్ల వయసులో ఒలింపిక్స్ ఆడాడు. తర్వాత అర్జున అవార్డు అందుకున్నాడు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో మొదటి వరుసలో చెప్పుకునే ఆటగాళ్లలో ఒకడయ్యాడు. ఒక టీచర్ సైకిల్ అద్దె ఇవ్వకపోతే ఆ పేరు మనకు తెలిసేది కాదేమో.

పది గోల్స్ తిన్న తర్వాత

రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. ఆ రోజుల్లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడేవాళ్లు.

మరుసటి ఏడాది, 1952లో, హెల్సింకి ఒలింపిక్స్. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. చలి దేశం, తడి మైదానం, ఉత్త కాళ్లు. మీ పిల్లవాడు స్లిప్ టెస్టులో పదికి ఒకటి తెచ్చుకున్న రోజు ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇది దేశమంతా చూసిన పదికి ఒకటి.

ఆ ఓటమి తర్వాత రెండు పనులు జరిగాయి. బూట్లు వేసుకుని ఆడటం తప్పనిసరి చేశారు. రహీం తన పద్ధతిని మళ్లీ మొదటి నుంచి చూసుకున్నారు. 1950ల మొదట్లో ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన హంగేరీ జట్టు ఆటను గమనించి, సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కు ఆడించే పద్ధతిని మన జట్టుకు అలవాటు చేశారు. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ ప్రసిద్ధం చేసిన 4-2-4 పద్ధతిని రహీం అంతకుముందే ప్రయత్నించారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెప్తారు.

నాలుగేళ్ల తర్వాత, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను మనవాళ్లు 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. సెమీఫైనల్లో ఎదురైంది మళ్లీ అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడిపోయినా, ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. మూడో స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. హెల్సింకిలో ఓడిన జట్టులో ఉన్న మన హైదరాబాద్ ఆటగాళ్లు నూర్ మహమ్మద్, అజీజ్ మెల్‌బోర్న్‌లో కూడా ఉన్నారు. ఓడిన పిల్లలను పక్కన పెట్టేయకుండా వాళ్లతోనే మళ్లీ పని చేయించారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో గ్రూపు దశ దాటలేకపోయినా, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నారు. ఆ జట్టులో రహీం కొడుకు ఎస్.ఎ. హకీం కూడా సభ్యుడు. మ్యాచ్‌లో ఆడే అవకాశం మాత్రం అతనికి రాలేదు. కోచ్ కొడుకు బెంచ్ మీదే ఉన్నాడు.

చివరి పరీక్ష

1962 ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం ఒంట్లో క్యాన్సర్ ఉంది. అయినా జట్టుతో వెళ్లారు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0. థాయిలాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. అలాంటి ఆటగాడిని ఇంటికి పంపేస్తారనే ఎవరైనా అనుకుంటారు. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా మార్చారు. ఒక మనిషిలో ఇంకో బలం ఉందని గుర్తుపట్టడం అంటే ఇదే. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించిన మ్యాచ్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్లీ దక్షిణ కొరియా. స్టేడియంలో దాదాపు లక్ష మంది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆటలకు రానివ్వలేదని భారత క్రీడా ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పడంతో జకార్తాలో మన దేశం మీద కోపం రేగింది. ముందు రోజే మన రాయబార కార్యాలయం మీదికి నిరసనకారులు వచ్చారు. స్టేడియమంతా మన జట్టును గేలి చేస్తోంది. మనవైపు అరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు. గోల్ దగ్గర నిలబడిన పీటర్ తంగరాజ్ ఫ్లూ జ్వరం నుంచి లేచి వచ్చినవాడు. ఫైనల్‌కు ముందు రహీం ఆటగాళ్లను కూర్చోబెట్టుకుని, తనకు ఒక్క కానుక కావాలని, అది బంగారు పతకమని అడిగారట. ఆ సంగతి తర్వాత ఆటగాళ్లే చెప్పుకున్నారు.

పి.కె. బెనర్జీ మొదటి గోల్ కొట్టాడు. రెండోది తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ కొట్టాడు. 2-1తో గెలిచారు. ఆ జట్టులో మన హైదరాబాద్ నుంచి యూసుఫ్ ఖాన్, బలరాం ఉన్నారు.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత మళ్లీ బంగారు పతకం రాలేదు. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, రహీం సార్ కన్నుమూశారు. అప్పుడాయన వయసు 53. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు.

మనం ఏం తీసుకోవాలి

ఆయన తర్వాత కూడా 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. మెల్లగా మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు. మైదానాలు తగ్గాయి. చాలా ఏళ్ల తర్వాత, 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ప్రొఫెషనల్ జట్టు గచ్చిబౌలి స్టేడియం కేంద్రంగా మొదలైంది. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. టీవీలో ఆ మ్యాచ్ చూసిన మన పిల్లల్లో ఎంతమందికి ఈ ఊరికి 1950లోనే ఇంతకంటే పెద్ద జట్టు ఉండేదని తెలుసు?

నిజం కూడా చెప్పాలి. ఆటనే నమ్ముకున్న ఆ తరం ఆటగాళ్లలో కొందరు చివరి రోజుల్లో డబ్బుకు ఇబ్బంది పడ్డారు. అందుకే మీ పిల్లలందరినీ ఫుట్‌బాల్ ఆటగాళ్లను చేయండని నేను చెప్పడం లేదు. చదువు ఉండాల్సిందే. రహీం సార్ స్వయంగా డిగ్రీ చదివిన మాస్టారు. నా విన్నపం చాలా చిన్నది. వారంలో వచ్చే ఆ రెండు గేమ్స్ పీరియడ్లను తీసేయమని అడగకండి.

ఎందుకంటే ఓడిపోయి మళ్లీ లేవడం నేర్పే పీరియడ్ టైమ్ టేబుల్‌లో అదొక్కటే. గ్రామర్ పాఠంలో నేను పాస్ ఇవ్వడం గురించి చెప్పగలను, పాస్ ఇప్పించలేను. మైదానంలో మా పీఈటీ సార్ ఇప్పించగలరు. మార్కులు తగ్గాయని ఇంట్లో మాట్లాడకుండా మూలకు కూర్చునే పిల్లల్ని నేను చూస్తున్నాను. పదికి ఒకటి వచ్చిన తర్వాత కూడా ఆటలో ఉండొచ్చని వాళ్లకు ఎవరో ఒకరు చూపించాలి.

ఈ నెల మీరు చేయగలిగినవి మూడు.

మొదటిది, పిల్లల్ని మార్కులు అడిగే ముందు, ఈరోజు ఏం ఆడావని అడగండి. గెలిచావా అని అడగొద్దు.

రెండోది, మీ పిల్లల ఎడమకాలు ఏదో కనిపెట్టండి. మాట్లాడటమా, చేతిరాతా, కొత్తవాళ్లతో కలవడమా? వారానికి ఒక్క గంట దానికి ఇవ్వండి. బాగా వచ్చిన సబ్జెక్టుకు ఇంకో ట్యూషన్ కొన్నాళ్లు ఆగుతుంది.

మూడోది, ఆదివారం చిలుకూరు వెళ్లినా, గండిపేట వైపు వెళ్లినా, కారులో ఒక బంతి పెట్టుకోండి. చేవెళ్ల దారిలో మర్రిచెట్ల నీడన ఫొటోలు దిగేందుకు ఆగే మనం, ఏదైనా ఖాళీ స్థలం కనిపిస్తే అరగంట ఆడుకోవడానికి కూడా ఆగొచ్చు. బలహీనమైన కాలితో తన్నమని పోటీ పెట్టండి. మీరూ తన్నండి. ఎవరు ఎక్కువ నవ్విస్తారో చూద్దాం.

వచ్చే మీటింగ్‌లో మా పీఈటీ సార్ బల్ల దగ్గర కూడా ఒక ఐదు నిమిషాలు కూర్చోండి. మ్యాథ్స్, సైన్స్ టీచర్ల దగ్గర క్యూ ఉంటుంది, అక్కడ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. మీ పిల్లల గురించి మాకు తెలియని సంగతులు ఆయనకు తెలుసు.